చావు సీనుకు ఒక ఇల్లు

బాన్సువాడ కూరగాయల మార్కెట్లో నాతో బేరానికి ఎవరూ ఎదురు నిలవరు. గౌరవం వల్ల కాదు, భయం వల్ల. నా కొడుకు తీసే షార్ట్ ఫిల్ముల్లో గయ్యాళి అత్త వేషం నాదే. కోడలి చేతిలోని చీపురు లాక్కుని, దాంతోనే ఆమెను వీధి చివరిదాకా తరిమే ఆ అత్తను జనం ఫోన్లలో చూసి చూసి ఉన్నారు. "అక్కా, నువ్వు ఇంట్ల గూడ గట్లనే ఉంటవా?" అని టమాటాలమ్మే ఆమె ఒకసారి అడిగింది. "ఇంట్ల కోడలే లేదు. ఎవలి మీద ఉండాలె?" అన్నాను. నిజం చెప్పాలంటే ముక్కు మీద కోపం నాకు పుట్టుకతో వచ్చిందే. వేషం కోసం కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు.

వేషం ఆదివారాల సంగతి. మిగతా రోజుల్లో నేను అంగన్‌వాడీ టీచర్ని. మహమ్మద్ నగర్ వైపు పోయే దారిలో ఒక తండాలో నా సెంటర్. పిల్లలు తమలో తాము లంబాడీలో మాట్లాడుకుంటారు, నాతో మాట్లాడాల్సి వస్తే తెలుగులోకి వస్తారు, కోపం వస్తే మళ్ళీ వాళ్ళ భాషలోకే పోతారు. నా కొడుకు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. నలుగురైదుగురు దోస్తులు, ఒక కెమెరా, ఒక మైకు, ఇదే వాడి సినిమా కంపెనీ. మా ఆయన రైసు మిల్లులో హమాలీగా పనిచేసేవాడు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఆయన ఉన్నప్పటి కిరాయి ఇంట్లోనే మేం తల్లీకొడుకులం ఇప్పటికీ ఉంటున్నాం.

స్టూడియో లేనివాళ్ళకు ఊళ్ళోని ఇళ్ళే దిక్కు. మా సినిమా పిల్లలు పోయి అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. పెళ్ళిచూపుల సీనంటే కొత్త దుప్పట్లు పరిచి మరీ ఇస్తారు. తొట్టెల సీనంటే తమ పసిపిల్లనే తెచ్చి తొట్టెలో పడుకోబెడతారు. అత్తాకోడళ్ళ కొట్లాటకు ఇల్లిచ్చిన ఒకావిడ, తన అత్త మీద దాచుకున్న కోపమంతా కలిపి నాకు కొన్ని డైలాగులు కూడా అందించింది. అవి నావాటికంటే బాగున్నాయి, అందుకని అవే చెప్పాను.

కానీ ఒక్క సీనుకు మాత్రం ఎవరూ ఇల్లివ్వరు. ఎవరు ఏడుస్తారో, ఎవరు ఆస్తి అడుగుతారో చూద్దామని ఒక మామ చచ్చినట్టు నటించే కామెడీ ఒకటి మావాళ్ళు రాసుకున్నారు. కథలో కూడా అది ఉత్త నటనే. అయినా ఇల్లు దొరకలేదు. సరేనన్న ఒకాయన వాకిట్లో చాప పరిచేలోపు ఆయన తల్లి కట్టె పట్టుకుని బయటికొచ్చింది. "ఇంట్ల ముసల్దాన్ని నేనుండగ గీ పాడు పని గీడనేనా మీకు?" అంది. పిల్లలు చాప చుట్టుకుని వచ్చేశారు. కథ మార్చి ఆ మామను తీర్థయాత్రకు పంపేశారు. ఆ రోజు మేమంతా ఆ ముసలమ్మ నడకను అనుకరించి కడుపుబ్బా నవ్వుకున్నాం. నా కొడుకు నవ్వలేదని నేనప్పుడు గమనించలేదు.

ఇట్లా ఉండగా సర్కారుకు ఒక ఆలోచన వచ్చింది. సినిమా పనంతా హైదరాబాదులోనే ఎందుకు, జిల్లాల్లో కూడా స్టూడియోలు లేపుదాం, ముందుకొచ్చేవాళ్ళకు భూమి, రోడ్డు, కరెంటు, పన్నుల్లో రాయితీ ఇద్దాం అని. నిజాంసాగర్ నీళ్ళూ ఆ గట్టూ చూసి, మా వైపు కూడా ఒకటి కట్టాలని అనుకున్నారు. ఊళ్ళో వాళ్ళ మాట కూడా వినాలని ఒక ఫంక్షన్ హాల్లో మీటింగు పెట్టారు. షార్ట్ ఫిల్ములు తీసే పిల్లల్ని రమ్మన్నారు. నా కొడుకు నన్నూ తీసుకుపోయాడు. "నువ్వు మా ఆర్టిస్టువు గదా" అన్నాడు. ఆ మాటకు పడిపోయి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని పోయాను.

సార్లు తెర మీద బొమ్మలు చూపించారు. పెద్ద పెద్ద షెడ్లు, పైనుంచి వేలాడే లైట్లు, డబ్బింగు గదులు. తర్వాత ఎవరికేం కావాలో చెప్పమన్నారు. లాడ్జి ఆయన రోడ్డు వెడల్పు చేయమన్నాడు. ఒక మిల్లు సేటు లేచి, హీరోయిన్లు ఎప్పటినుంచి వస్తారని అడిగాడు. మా పిల్లల్లో ఒకడు డ్రోను పర్మిషన్ గురించి, ఇంకొకడు నెట్ స్పీడు గురించి అడిగారు. చివర నా కొడుకు లేచాడు. వాడు జనంలో మాట్లాడే రకం కాదు.

"సార్, పెండ్లి సీనుకు ఊరంత ఇండ్లిస్తరు. చావు సీనుకు ఎవ్వలియ్యరు. మాకు ఓనర్ లేని ఇల్లొకటి కట్టుండ్రి" అన్నాడు.

హాలంతా గొల్లుమంది. "సర్కారు పైసలతోని సచ్చెటందుకు ఇల్లా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. నాకు తల కొట్టేసినట్టయింది. కూర్చోరా అని చీర కొంగు చాటునుంచి సైగ చేశాను. ఆ సార్లలో పెద్దాయన మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని, "ఆ ఇల్లు ఎట్లా ఉండాలో మీరే చెప్పండి" అన్నాడు.

"పెద్దగ అక్కర్లేదు సార్. గడప ఉండాలె. ముంగట అరుగు ఉండాలె. లోపల మనిషిని పండవెట్టేంత జాగ ఉండాలె" అన్నాడు నా కొడుకు.

ఎవరిని పడుకోబెట్టేంత జాగానో నాకు అర్థమైంది. ఆ తర్వాత ఇచ్చిన చాయ్ చేతిలోనే చల్లారిపోయింది.

ఇంటికి నడిచి వస్తుంటే అడిగాను. "ఏం సిన్మారా గది?"

"నాయన సిన్మా."

"నాయన మీద కామెడీ ఏం తీస్తవురా?"

"కామెడీ గాదమ్మా. నాయనను ఒకపాలి ఇంట్లకు తేవాలె. గంతే."

కిరాయి ఇళ్ళ సంగతి తెలియనివాళ్ళకు ఇది చెప్పాలి. మా దిక్కు కిరాయి ఇంట్లో ఏమైనా చేసుకోవచ్చు. పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు, మంచాన పడి ఏళ్ళకేళ్ళు దగ్గవచ్చు. చావడానికి మాత్రం వీల్లేదు. మనిషి అయిపోతాడని అనుమానం రాగానే ఓనరు మెల్లగా వచ్చి, ఊళ్ళో మీవాళ్ళు ఎవరూ లేరా అని అడుగుతాడు. దవాఖానలో పోతే శవాన్ని ఇంటికి తేనివ్వరు. ఇల్లు మైల పడుతుందంటారు, మళ్ళీ ఎవరూ కిరాయికి రారంటారు. సొంత ఇల్లున్నవాళ్ళకే ఇంట్లోంచి వెళ్ళే భాగ్యం.

మా ఆయన ఊపిరాడని దమ్ము జబ్బు ముదిరి జిల్లా దవాఖానలో పోయాడు. పొద్దున్నే అంబులెన్సు మా గల్లీ మలుపు తిరిగేసరికి ఓనరమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. ఆమె చెడ్డ మనిషి కాదు. పండగ పూట గిన్నెలో ఏదో ఒకటి పెట్టి పంపకుండా ఉండదు. నన్ను అక్కా అని, ఆయన్ను బావా అని పిలిచేది. ఆ పొద్దు మాత్రం రెండు చేతులూ జోడించింది. "అక్కా, నీ కాళ్ళు మొక్కుత. కోడలు నీళ్ళాడేటట్టున్నది. బావను ఇంట్లకు తేకుండ్రి" అంది. ఏడుస్తూనే అంది. ఆమె వెనక తలుపు చాటున నెలలు నిండిన కోడలు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. నా నోటికి ఊళ్ళో పేరుంది కదా, ఆ నోరు ఆ పొద్దున పెగల్లేదు.

బోధన్ రోడ్డు పక్క ఒక ఖాళీ ప్లాటులో టెంటు వేశారు. అక్కడే ఆయన్ను పడుకోబెట్టారు. పక్కనుంచి బస్సులు పోతున్నాయి, కిటికీల్లోంచి మొహాలు తొంగిచూస్తున్నాయి. మా వాళ్ళు ఏడుస్తున్నారు. నాకు రోడ్డు మీద ఏడవడం చేతకాలేదు. కొంగు నెత్తి మీదికి లాక్కుని కూర్చున్నాను. మధ్యలో ఒకాయన బండి ఆపి, రుద్రూర్ పోయే తోవ ఇదేనా అని అడిగాడు. పాపం, టెంటు లోపల ఏముందో ఆయన చూసుకోలేదు. ఇదే, సీదా పో అని చెప్పాను. మొగుడి శవం పక్కన కూర్చుని మనిషికి దారి చెప్పాను. ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నప్పుడు ఒక్కోసారి అది గుర్తొచ్చి ముద్ద దిగదు.

పెద్దకర్మ అయ్యేదాకా హమాలీ సంఘం హాల్లో ఉన్నాం. తర్వాత ఇల్లు కడిగించి, పసుపు నీళ్ళు చల్లించి, మమ్మల్ని రానిచ్చారు. మళ్ళీ అదే ఇంటికి ఎందుకు పోయావని నన్ను చాలామంది అడిగారు. ఏ ఇంటికి పోతే మాత్రం ఆ గేటు దగ్గర ఓనరు ఉండడు? ఓనరమ్మ కోడలికి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల దోగాడుతూ వచ్చి నా ఒళ్ళోనే నిద్రపోయేది. దాని మీద కోపం పెట్టుకోగలనా? ఓనరమ్మ మీద పెట్టుకుందామన్నా ఆ జోడించిన చేతులు కళ్ళ ముందుకొచ్చేవి. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియకపోతే అది మనిషిని లోపల్లోపలే తినేస్తుంది. నేను గయ్యాళి అత్త వేషంలో అంత బాగా అరుస్తానంటే ఊరికే అరవట్లేదు.

వీటి గురించి నా కొడుకు ఒక్కనాడూ నాతో మాట్లాడలేదు. వాడు కూడా మనసులోనే పెట్టుకున్నాడని ఆ మీటింగు రోజే నాకు తెలిసింది.

స్టూడియోకు శంకుస్థాపన జరిగింది. జరిగాక చాలాకాలం ఆ రాయి ఒక్కటే ఉంది. ఎన్నికలొచ్చాయి, పోయాయి. ఇగ ఇది అయ్యే పని కాదనుకున్నాం. అప్పుడు ఉన్నట్టుండి లారీలు రావడం మొదలైంది. ఆ జాగా నా సెంటరుకు పోయే దారిలోనే కాబట్టి, అది ఎట్లా లేచిందో ఆటోలో పోతూ వస్తూ చూశాను. ముందు కాంపౌండు గోడ, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, ఆ తర్వాత నల్లటి తారు రోడ్డు. మా తండావాళ్ళు ఎప్పటినుంచో మొత్తుకుంటున్న రోడ్డు, స్టూడియో పుణ్యాన సగం దూరం వచ్చి ఆగింది. మిగతా సగం ఎందుకు వేయరని ఇంజనీరును అడిగితే, సినిమా పద్దు గేటు దాకానే అన్నాడు. సినిమా పద్దు మీద మా పిల్లలు నడవొద్దా అని గట్టిగానే అడిగాను. ఆయన ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు, అది మోగకుండానే.

పెద్ద షెడ్డు వెనక మా ఇల్లు లేచింది. మా ఇల్లు అనే అన్నాను చూశారా, అప్పటికే అట్లా అనుకోవడం అలవాటైపోయింది. మీటింగులో అడిగిన ఆ పెద్దసారు మరిచిపోలేదు. గడప, అరుగు, పెంకుల కప్పు, లోపల పొడవాటి గది. కెమెరా పెట్టుకోవడానికి వీలుగా గదికి వెనక గోడ ఉండొద్దని ప్లానులో ఉంది. కట్టే మేస్త్రీ తండా మనిషే, వాళ్ళ మనవడు నా సెంటర్లోనే చదువుతాడు. ఆయనకు ఎంత చెప్పినా ఎక్కలేదు. ఇంజనీరు రాని రోజు చూసి, మిగిలిన ఇటుకలతో వెనక గోడ కూడా లేపేశాడు. దర్వాజ ఎత్తేటప్పుడు కింద నవధాన్యాలు పోసి కొబ్బరికాయ కొట్టింది కూడా ఆయనే. ఇంజనీరు వచ్చి నెత్తి బాదుకుని గోడ కూలగొట్టించాడు. "నాలుగు గోడలు లేంది గదేం ఇల్లు టీచరమ్మా, కుక్కలు జొరబడయా?" అని మేస్త్రీ నాతో మొరపెట్టుకున్నాడు. ఇది సిన్మా ఇల్లు అన్నాను. "దర్వాజ పెట్టినంక ఏ ఇల్లయిన ఇల్లే" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

నాకు కోపం రాలేదని కాదు. పేదలకిచ్చే డబుల్ బెడ్రూం ఇంటికోసం మేం పెట్టుకున్న దరఖాస్తుకు జవాబే లేదు. ఉన్న మనుషులకు ఇల్లివ్వని సర్కారు, లేని మనుషుల కోసం పెంకుటిల్లు కట్టిందే అని కొన్నాళ్ళు ఉడికిపోయాను. తర్వాత ఆలోచన ఇంకో వైపు తిరిగింది. ఇల్లంటే మనిషికి ఎందుకు? తినడానికి, పడుకోవడానికి అయితే కిరాయి ఇల్లు చాలు. అన్నీ అయిపోయాక, చుట్టూ మనవాళ్ళు కూర్చుంటే, ఎవరూ తొందరపెట్టకుండా కాసేపు పడుకునే జాగా ఉండాలి. మాకు ఆ ఒక్క పూట కోసమే ఇల్లు కావాలి. సినిమా పేరు మీద దొరికినా దొరికినట్టే.

స్టూడియోను నడపడం ఒక కంపెనీకి అప్పజెప్పారు. జిల్లా పిల్లలకు రాయితీ మీద ఇవ్వాలని సర్కారు షరతు. షెడ్డుకు ఇంకా ఏ పెద్ద సినిమా రాలేదు. ఆ పెంకుటింటికి మొట్టమొదటి బుకింగు మాదే అయింది.

నా కొడుకు కథ చదివి వినిపించాడు. చిన్న కథ. అంబులెన్సు వస్తుంది, మనిషిని దించుతారు, గడప దాటించి లోపల పడుకోబెడతారు, భార్య పక్కన కూర్చుంటుంది. అంతే. నా వేషం నాదే. "ఓనరమ్మ వేషం ఎవలు ఎయ్యాలె?" అని అడిగాను.

"ఓనరమ్మ లేదమ్మా. ఇది మన ఇల్లు గదా" అన్నాడు.

మా ఆయన వేషానికి ఆయన దోస్తు ఒప్పుకున్నాడు. ఇద్దరూ ఒకే మిల్లులో బస్తాలు మోసినవాళ్ళు. నేను ఆయన్ను అన్నా అంటాను, ఆయన నన్ను చెల్లె అంటాడు. మా కామెడీల్లో వియ్యంకుడు ఆయనే. శవం వేషం అనేసరికి వాళ్ళింట్లో పెద్ద గొడవైంది. వదిన నా ఇంటికే వచ్చి నాలుగు మాటలు అని పోయింది. ఆమె తప్పు లేదు, నాకూ అదే భయం ఉండేది. చివరికి ఆమె ఒక షరతు మీద ఒప్పుకుంది. సినిమావాళ్ళలో ఒక ఆచారం ఉంది. శవంగా పడుకున్న మనిషితో ఆ వెంటనే నవ్వే షాటు ఒకటి తీస్తారు, ఆ చావు ఆ మనిషికి అంటకుండా. అది తప్పకుండా తీయాలి, గుమ్మడికాయతో దిష్టి తీయాలి అంది. సరేనని నా కొడుకు ఒట్టు వేశాడు.

షూటింగు రోజు పొద్దున్నే తండా ఆడవాళ్ళు కూడా వచ్చారు, చుట్టూ కూర్చుని ఏడవడానికి. చాప తెచ్చాం, తెల్లబట్ట తెచ్చాం, తల దగ్గర పెట్టే దీపం తెచ్చాం. వాటిని చూడగానే మేనేజరు షెడ్డులోంచి పరుగున వచ్చాడు. హైదరాబాదు నుంచి వచ్చిన మనిషి, మర్యాదస్థుడు.

"ఏమనుకోకండి మేడమ్. ఇంతవరకూ ఇక్కడ ఒక్క క్లాపు కూడా పడలేదండీ. మొట్టమొదటి షాటే శవం మీద పెడితే ఎలాగండీ? ముందు వేరేవాళ్ళు ఏదైనా శుభం తీసుకున్నాక మీరు రండి. కాదనకండి" అన్నాడు.

రెండు చేతులూ జోడించాడు. ఆ చేతులు చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఈ ఇంటికి ఓనరెవలు సార్?" అన్నాను.

"గవర్నమెంటండీ."

"గవర్నమెంటుకు కోడలున్నదా? ఆమె గిట్ల నీళ్ళాడేటట్టున్నదా?"

ఆయన బిత్తరపోయి చూశాడు. ఆయనకేం అర్థమవుతుంది? "అమ్మా, ఊకో" అన్నాడు నా కొడుకు. నేను ఊకోలేదు. చావు సీనుకనే అడిగితే చావు సీనుకనే కట్టిన ఇల్లు ఇది, మీ దగ్గరా అదే మాటైతే ఇగ మేం ఏ సర్కారును అడగాలె అని గొంతు చించుకున్నాను. మేనేజరు చేతులు దించలేదు. మొదటి క్లాపు శవం మీద పడిందని పేరొస్తే ఒక్క ప్రొడ్యూసరు కూడా గేటు తొక్కడనీ, తన కొలువు పోతుందనీ చెప్పాడు. ఆయన కళ్ళలో ఉన్నది కూడా భయమే. అరిచి అరిచి అరుగు మీద కూలబడ్డాను. సర్కారు భూమి ఇవ్వగలదు, కరెంటు ఇవ్వగలదు, పన్ను మాఫీ చేయగలదు. మనుషుల్లోని ఈ భయానికి ఏ రాయితీ ఉంది? నా కొడుకు కెమెరాను సంచిలో పెడుతున్నాడు. టెంటు దగ్గర కూడా వాడు ఇట్లాగే, ఒక్క మాట మాట్లాడకుండా తాళ్ళు విప్పాడు.

అప్పుడు మా ఆయన దోస్తు ముందుకొచ్చాడు. "సార్, మీకు మొదటి షాటు మంచిగుండాలె, గంతే గదా? ముందుగాల నేను నడిచొస్త. దవాఖానకెల్లి బతికి, నవ్వుకుంట ఇంట్లకొస్త. గది తీయుండ్రి. గా ఎన్క మా కథ" అన్నాడు.

మేనేజరు మొహం తేటపడింది. నా కొడుకు నా వైపు చూశాడు. వాడి కథలో అట్లాంటి షాటు లేదు. మా బతుకులోనూ లేదు. నేను తల ఊపాను.

కొబ్బరికాయ కొట్టి మేనేజరే క్లాపు ఇచ్చాడు. నేను గడప లోపల చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను. ఏం మాట్లాడాలో ఎవరూ రాయలేదు. ఏమన్నా అను అన్నాడు నా కొడుకు. గేటు దగ్గరనుంచి ఆయన భుజాన తువ్వాలతో, చేతిలో దవాఖాన సంచితో నడిచొచ్చాడు. "గింత ఆలస్యమా?" అన్నాను. ఆయన నవ్వి, కాళ్ళు కడుక్కుని, గడప దాటి లోపలికి వచ్చాడు. అంతే, షాటు అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. గడప దాటడం ఇంత తేలికా అనిపించి, నాకు చప్పట్లు కొట్టినవాళ్ళందరి మీదా కోపమొచ్చింది.

ఆ తర్వాత అసలు షాటు. మేనేజరు దూరంగా పోయి నిలబడ్డాడు, ఆపలేదు. అన్నను తెల్లబట్టలో మోసుకొచ్చేటప్పుడు నా కొడుకు కెమెరాను టీములో ఒకడికిచ్చి, తాను తల వైపు పట్టుకున్నాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు. గేటు వైపు చూశాడు, ఎవరూ లేరు. లోపలికి తెచ్చి చాప మీద పడుకోబెట్టి మళ్ళీ కెమెరా దగ్గరికి పోయాడు. తల దక్షిణానికి, తల దగ్గర దీపం. తండా ఆడవాళ్ళు తమ భాషలో రాగం ఎత్తుకున్నారు. మూడు వైపులా గోడలు, నాలుగో వైపు కెమెరా, దాని వెనక కోతకొచ్చిన వరి. నేను పక్కన కూర్చున్నాను. ఏడుపు రాలేదు. బట్ట అంచు సరిచేశాను, కాలి వేళ్ళు కప్పాను. రోడ్డు మీద ఇవేవీ చేయలేదు.

"ఓకే" అన్నాడు నా కొడుకు. ఆడవాళ్ళు ఏడుపు ఆపి కొంగులు సర్దుకున్నారు. మేనేజరు గుమ్మడికాయ పట్టుకుని తయారుగా ఉన్నాడు, నవ్వే షాటు తీయాలి కదా. చాప మీది మనిషి లేవబోయాడు. నేను ఆయన ఛాతీ మీద చెయ్యి వేశాను. రోజూ అన్నా అని పిలిచే నోటికి ఆ పిలుపు రాలేదు.

"జరసేపు పండు" అన్నాను. "ఈడికెల్లి నిన్ను ఎవ్వలు పొమ్మనరు."

ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. నా కొడుకు కెమెరా వదిలి వచ్చి అవతలి పక్కన కూర్చున్నాడు. అప్పుడు ఏడ్చాం ఇద్దరం. ఇంట్లో కూర్చుని ఏడ్చాం.